ఐదు ఇయర్‌ఫోన్లు మార్చిన తమ్ముడికి: ముందు రబ్బరు మార్చు, ఈఎంఐ సంగతి తర్వాత

కాశీనగర్ నుంచి ఒక తమ్ముడు రాసిన ప్రశ్న ఇది, కొంచెం కుదించి పెడుతున్నాను. "అన్నా, నాకు 24 ఏళ్ళు. పర్లాకిమిడిలో ఒక బట్టల హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తాను, జీతం 13,500. ఇంట్లో 7,000 ఇస్తాను. బస్సులో రానూపోనూ రోజుకి రెండు గంటలు పడుతుంది, ఆ టైంలోనే బ్యాంకు పరీక్షల క్లాసులు వింటాను, విసుగొస్తే పాటలు. ఏడాదిన్నరలో ఐదు ఇయర్‌ఫోన్లు కొన్నాను: 399, 449, 599, 350, 699. మూడింటికి వైరు పోయింది, ఒకటి ఒకవైపు వినబడటం మానేసింది, ఇప్పుడున్నది పెట్టుకుంటే చెవి నొప్పి, బేస్ అసలు రాదు. మా ఫ్రెండు తన క్రెడిట్ కార్డు మీద 3,999 పెట్టి వైర్‌లెస్ బడ్స్ ఆరు నెలల నో-కాస్ట్ ఈఎంఐలో తీసుకోమంటున్నాడు. నెలకి 667 కట్టగలను. తీసుకోనా, లేక మళ్ళీ చవకదే చూసుకోనా?"

తమ్ముడూ, ఈఎంఐలో తీసుకోవద్దు. ఫ్రెండు కార్డు మీద అసలే వద్దు. అలాగని ఇంకో 400 రూపాయలది కూడా కొనకు, ఎందుకంటే నువ్వు రాసిన ఆ ఐదు అంకెలు కూడితే 2,496 అవుతుంది, అంటే పద్ధెనిమిది నెలల్లో నెలకి దాదాపు 139 రూపాయలు ఇయర్‌ఫోన్లకే పోయాయి, అయినా ఇవాళ నీ చేతిలో పనికొచ్చేది ఒక్కటీ లేదు. నువ్వు చవకగా బతుకుతున్నానని అనుకుంటున్నావు గానీ, విడివిడిగా కొన్నావు కాబట్టి తెలియలేదంతే, మంచి ఇయర్‌ఫోన్ ఖరీదు ఎప్పుడో కట్టేశావు.

ముందు నీ దగ్గర ఉన్నదాన్నే ఒకసారి చూద్దాం, దీనికి పైసా ఖర్చు లేదు. చెవి నొప్పి, బేస్ రాకపోవడం, ఈ రెండూ వేరువేరు జబ్బులని నువ్వు అనుకుంటున్నావు, చాలాసార్లు రెండింటికీ మూలం ఒక్కటే, రబ్బరు సైజు. ఇన్-ఇయర్ అంటేనే చెవి రంధ్రాన్ని మూసి పనిచేసేది. సందు మిగిలితే ముందు పోయేది బేస్, అంటే పాటలో ఆ లోతైన గుమ్ శబ్దం, ఆ తర్వాత బస్సు మోత లోపలికి వస్తుంది, దాన్ని మింగడానికి నువ్వు సౌండ్ పెంచుతావు, జారిపోతోందని ఇంకా లోపలికి తోస్తావు, సాయంత్రానికి చెవి సలపరం పెడుతుంది. డబ్బాలో చిన్న ప్లాస్టిక్ కవరులో ఇంకో రెండు జతల రబ్బర్లు వస్తాయి చూడు, మనం దాన్ని అలాగే డబ్బాలో వదిలేస్తాం. నేనూ అలాగే ఏళ్ళ తరబడి వదిలేశాను. నా ఎడమ చెవి రంధ్రం కుడిదానికంటే సన్నం, ఆ సంగతి నలభై దాటాక తెలిసింది నాకు. ఇప్పుడు ఎడమకి చిన్న సైజు, కుడికి మీడియం పెడతాను, అంతకుముందు నచ్చక పక్కన పడేసిన ఇయర్‌ఫోనే అప్పటినుంచి కాలేజీ రోజుల టేప్‌రికార్డర్ అంత కమ్మగా పలుకుతోంది. రెండు చెవులకీ ఒకే సైజు పెట్టుకోవాలని రూలేం లేదు.

పరీక్ష ఇలా చెయ్యి. బేస్ బాగా ఉన్న పాట ఏదైనా పెట్టి, ఎదురు చేత్తో చెవిని కొంచెం పైకీ వెనక్కీ లాగి, ఇయర్‌ఫోన్‌ని నెమ్మదిగా తిప్పుతూ లోపల పెట్టు. తర్వాత వేలితో చాలా సుతారంగా నొక్కు. నొక్కినప్పుడు బేస్ ఒక్కసారిగా పెరిగితే రబ్బరు సరిపోలేదన్నమాట, పెద్ద సైజు పెట్టు. సీల్ బాగానే ఉండి పది నిమిషాల్లో నొప్పి మొదలైతే చిన్న సైజుకి రా. దవడ ఆడిస్తే ఊడిపోకూడదు, అదీ చూడు. విడి రబ్బర్లు మూడు సైజులవి కలిపి వంద, నూటయాభై రూపాయలకి దొరుకుతాయి. ఫోమ్‌వి ఇంకా బాగా మూస్తాయి, బస్సు మోత బాగా తగ్గుతుంది, కాకపోతే కొన్ని నెలల్లో పాడైపోతాయి, గజ్జెల్లాంటి సన్నటి శబ్దాల మెరుపు కూడా కొంచెం తగ్గిస్తాయి, అందుకని నీ ఖర్చు లెక్కలో నేను వాటిని రాయను. రబ్బరు మార్చాక కూడా నొప్పి ఉన్నా, చెవిలోంచి తడి వచ్చినా మాత్రం ఇయర్‌ఫోన్ ఆపేసి డాక్టరుకి చూపించు, అక్కడ పొదుపు చెయ్యొద్దు.

ఒకవైపు ఆగిపోయింది అన్నావే, దాన్ని పారేశావా? పారెయ్యకపోతే తియ్యి. మా వీధిలో ఒక పిల్లాడు ఇలాగే చచ్చిపోయిందని తెచ్చాడు. రబ్బరు తీసి ట్యూబ్‌లైట్ కింద పట్టుకుంటే గొట్టం మూతి మీదున్న జల్లెడ కనబడలేదు, దాని మీద తేనె రంగులో గులిమి పొర కట్టి ఉంది. జల్లెడని కిందికి వంచి పట్టుకుని, దుమ్ము లోపలికి పడకుండా, పొడి టూత్‌బ్రష్‌తో పది పదిహేను సార్లు మెల్లగా గీకాం, సౌండ్ తిరిగొచ్చింది. సూది పెట్టొద్దు, నీళ్ళు తగలనివ్వద్దు. అలా కాకుండా జాక్ దగ్గర వైరు వంచినప్పుడు సౌండ్ వస్తూ పోతూ ఉంటే అది వైరు జబ్బు.

నీ డబ్బు ఎక్కువగా పోయింది ఆ వైరు దగ్గరే. నువ్వు కొన్న రకాల్లో వైరు లోపలే అతికించి ఉంటుంది, తెగితే మొత్తం చెత్తబుట్టలోకి. వారంటీ ఏడాది ఉంటుంది నిజమే, కానీ సర్వీసు సెంటరు బ్రహ్మపురంలోనో శ్రీకాకుళంలోనో ఉంటే నువ్వు ఒకరోజు సెలవు పెట్టాలి, నీ ఒకరోజు జీతం 450, పైన బస్సు చార్జీ. 599 వస్తువుకి ఆ వారంటీ నీకు పనికిరాదు తమ్ముడూ. మన ఊళ్ళలో ఉండేవాళ్ళం ఏది కొన్నా ఈ దూరం ఖర్చు కలుపుకునే చూసుకోవాలి, ఇది నేను ఫ్రిజ్ కొనేవాళ్ళకీ చెబుతాను.

అందుకని కొంటే వైరు ఊడదీసి మార్చుకోగలిగేది కొను. ఇయర్‌ఫోన్ ముక్క వేరు, వైరు వేరు, మధ్యలో రెండు పిన్నులుంటాయి. వైరు తెగితే మూడు నాలుగు వందలు పెట్టి వైరు ఒక్కటే తెప్పించుకుంటావు. ఈ రకంలో వైరు చెవి పైనుంచి వెనక్కి తిప్పి వేసుకోవాలి. మొదటి రెండు రోజులు చిరాగ్గా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. వైరు చొక్కాకి రాసుకున్నప్పుడు చెవిలో వచ్చే గరగర చాలా తగ్గుతుంది, బస్సు గోతిలో పడ్డా ఊడి ఒళ్ళో పడదు. గోతుల సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక సౌండ్. నేను ఏది విన్నా రెండు రికార్డింగులు పెట్టి వింటాను, ఒకటి జముకుల కథ, ఒకటి తప్పెటగుళ్ళు, రెండూ మన వైపు జానపద కళలే. ఇవి మనం చిన్నప్పటినుంచి దగ్గరగా కూర్చుని విన్న శబ్దాలు, కాబట్టి చెవికి అబద్ధం చెప్పడం కుదరదు. జముకు తీగ లాగినప్పుడు ఆ గుమ్ అనే శబ్దం కిందనుంచి పైకి జారుతుంది, మంచి ఇయర్‌ఫోన్‌లో ఆ జారడం తెలుస్తుంది, బేస్ ఉబ్బించినదాంట్లో అంతా ఒకటే ముద్ద. తప్పెటగుళ్ళలో గుండెల మీద తప్పెట మోత ఒకటి, కాళ్ళ గజ్జెలు ఒకటి, వాటి మధ్యలోంచి పాట మాటలు వినబడాలి. గజ్జెలు సూదుల్లా గుచ్చుతుంటే ట్రెబుల్, అంటే సన్నటి శబ్దాల పాలు, ఎక్కువైందన్నమాట, అలాంటిది రెండు గంటలు పెట్టుకుంటే తల నొప్పి వస్తుంది.

నాలుగైదు వందల రూపాయల రకాలు చాలావరకు బేస్ మీదే అమ్ముడవుతాయి, బోట్ బేస్‌హెడ్స్ 100 పేరులోనే ఉంది కదా. పాటలకి సరదాగానే ఉంటాయి. నువ్వు మాత్రం ఎక్కువగా వినేది మాస్టారి గొంతు, గొంతు ఉండేది మధ్యలో, బేస్ ఆ మధ్యభాగాన్ని కప్పేస్తే మాట అర్థం కాక సౌండ్ పెంచుతావు. వైరు మార్చుకునే రకంలో వెయ్యి లోపు కేజెడ్ ఈడీఎక్స్ ప్రో దొరుకుతుంది, బేసూ ట్రెబులూ రెండూ పైకి లేపి ఉంటాయి, పాటలకి హుషారు, గొంతు ఒక అడుగు వెనక నిలబడ్డట్టు ఉంటుంది. రెండు వేల చుట్టుపక్కల మూన్‌డ్రాప్ చూ 2, సెవెన్‌హెర్ట్జ్ జీరో 2 ఉన్నాయి, ధరలు ఆఫర్లని బట్టి కొంచెం అటూఇటూ అవుతాయి. చూ 2 చిన్న లోహపు ముక్క, గొంతు శుభ్రంగా ముందుకి వస్తుంది, బేస్ కావలసినంతే. జీరో 2 ముక్క కొంచెం పెద్దది, అయినా ప్లాస్టిక్ కాబట్టి బరువు తెలియదు, బేస్ చూ 2 కంటే నిండుగా ఉంటుంది. క్లాసులు ఎక్కువ, పాటలు తక్కువ అయితే నా ఓటు చూ 2కి. చెవి దొప్ప మరీ చిన్నదైతే కూడా అదే. పాటలే ముఖ్యం అనుకుంటే జీరో 2, ఎందుకంటే బస్సు మోతలో బేస్ కలిసిపోతుంది. రెండూ వేర్వేరు కంపెనీలవైనా వైరు పిన్ను కొలత 0.78 మిల్లీమీటర్లే, ఒకదాని వైరు రెండోదానికి పనికొస్తుంది. కేజెడ్ వాటి పిన్ను, తొడుగు వేరు, వైరు కొనేటప్పుడు అది చూసుకో. కాల్స్ మాట్లాడతావు కాబట్టి మైకు ఉన్న రకమే తీసుకో. నీ ఫోనుకి గుండ్రటి జాక్ ఉందో లేదో రాయలేదు, లేకపోతే టైప్-సి కనెక్టరు ఇంకో కొన్ని వందలవుతుంది, అదీ బడ్జెట్‌లో కలుపు.

వైర్‌లెస్ చెడ్డదని నేననడం లేదు, వంటింట్లోనో పొలంలోనో పని చేసేవాళ్ళకి సుఖం. కానీ ఒక్కో ముక్కలో చిటికెన గోరంత బ్యాటరీ ఉంటుంది, రెండు మూడేళ్ళు వాడితే దాని శక్తి తగ్గుతుంది, చాలావాటికి ఆ బ్యాటరీ మార్చడం కుదరదు. ఒక ముక్క బస్సు సీటు సందులో పడితే ఆ రోజుతో సరి. అప్పటికి ఇంకా రెండు వాయిదాలు మిగిలి ఉంటే పోయిన వస్తువుకి కిస్తీ కట్టాలి, ఆ బాధ నా దగ్గరికి వచ్చే చాలామంది ముఖాల్లో చూశాను.

నో-కాస్ట్ అనే మాట కూడా విప్పి చూద్దాం. 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు సున్నా వడ్డీ పథకాలు కుదరవని బ్యాంకులకి చెప్పింది, అందుకని ఇప్పుడు వడ్డీ ఉంటుంది, అమ్మేవాడు ఆ మేరకి ధరలో తగ్గిస్తాడు. బ్యాంకు తీసుకునే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం నువ్వే కట్టాలి, ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ నీదే. ఉదాహరణకి 15 శాతం వడ్డీ అయితే ఆరు నెలలకి 170 దాకా, దాని మీద జీఎస్టీ ముప్ఫై రూపాయలు, ఫీజు 199 పెట్టారనుకో జీఎస్టీతో 235. అంటే 265 దాకా నీ జేబులోంచి అదనం. అంతకంటే పెద్ద సంగతి, కార్డు నీది కాదు. షాపులో జీతం ఒక వారం లేటయిందనుకో, లేటు ఫీజు పడేది నీ ఫ్రెండుకి, సిబిల్ స్కోరు, అంటే అప్పులు సరిగ్గా కడతాడా అని బ్యాంకులు చూసే మార్కు, తగ్గేది అతనికి. అతను రేపు బైకు లోనుకి వెళ్ళినప్పుడు ఆ మరక కనబడితే మీ ఇద్దరి మధ్య మాట తేడా వస్తుంది. స్నేహం కొద్దీ ఇస్తానన్నాడు, మంచివాడే, అందుకే అతన్ని ఆ ఇరుకులో పెట్టకు.

నెలకి 667 కట్టగలనన్నావు కదా, ఆ మాట నాకు బాగా నచ్చింది. మూడు నెలలు ఆ 667 నీ సొంత ఖాతాలోనే, వీలైతే జీతం పడ్డ రోజే, వేరేగా పెట్టు. 2,000 అవుతుంది. ఈ మూడు నెలలూ ఇప్పుడున్నదానికే వంద రూపాయల రబ్బర్లు వేసి లాగించు, నా అనుమానం, రబ్బరు మార్చాక నీకు కొత్తది కొనాలనే తొందర సగం తగ్గిపోతుంది. అప్పటికీ కావాలనిపిస్తే డబ్బు కట్టి కొనుక్కో, బిల్లు ఫోనులో ఫొటో తీసి ఉంచుకో, చెవిలో పెట్టుకునే వస్తువులు ప్యాకింగ్ విప్పాక వాపసు తీసుకోనివాళ్ళు ఎక్కువ కాబట్టి ఆ షరతు ముందే చదువు. మిగతా మూడు నెలల 2,000 పరీక్షల ఖాతా అనుకో. జనరల్, ఓబీసీ వాళ్ళకి ఐబీపీఎస్ బ్యాంకు పరీక్ష ఫీజే 850, రాయడానికి బ్రహ్మపురమో విశాఖో వెళ్ళే ఖర్చు వేరే. ఆ తర్వాత కూడా ఆపకుండా నడవాలంటే పోస్టాఫీసు ఆర్‌డీ, అంటే నెలనెలా కట్టే పొదుపు ఖాతా, నెలకి 100 నుంచే మొదలవుతుంది, మూడు నెలల జీతమంత నిలవ చేతిలో ఉండేదాకా ఏ కిస్తీ జోలికీ వెళ్ళకు.

ఇంకొక్కటి, ఇది డబ్బు సంగతి కాదు గానీ చెప్పకుండా ఉండలేను. ఇయర్‌ఫోన్ వినడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి పెట్టిన హద్దు వారానికి 40 గంటలు, అదీ 80 డెసిబుల్స్ దగ్గర. సౌండ్ పెరిగేకొద్దీ ఆ గంటలు గబగబా తగ్గిపోతాయి. మన పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష కోసం కొండల్లో తిరిగి, జ్వరం వచ్చి, క్వినైన్ మందు వల్ల చెవుడు తెచ్చుకున్నారు. ఆయన ఒక జాతి భాష కోసం పోగొట్టుకున్నారు, నువ్వు బస్సు ఇంజను మోత మీద పంతానికి పోగొట్టుకోకు. రబ్బరు సరిగ్గా కుదిరితే సగం సౌండ్‌కే మాస్టారి మాట వినబడుతుంది. ఈ ఆదివారం ఇంట్లో కూర్చుని మూడు సైజులూ పెట్టి చూసి, ఏ చెవికి ఏది కుదిరిందో, నీ ఫోనుకి జాక్ ఉందో లేదో నాకు రాయి, దాన్నిబట్టి ఏది కొనాలో ఖాయం చేద్దాం.