కూతురి వాటా: తొలినాటి ఇస్లాంలో, మన స్మృతుల్లో

ఇస్లాం తొలినాళ్లలో స్త్రీకి దక్కిన హక్కులు ప్రాచీన భారతదేశంలో కంటే మెరుగైనవా అన్న ప్రశ్నకు నేను ఆస్తి వరకే జవాబు చెప్పగలను. కర్నూలు ప్రాంతంలో ఇరవై ఏళ్లకు పైగా దస్తావేజులు రాస్తున్నాను. హిందువుల పంపకాలూ, ముస్లింల పంపకాలూ నా చేతి మీదుగా సాగాయి. వారసత్వం వరకు ఇస్లాం మాటే స్పష్టంగా ఉందని నా అభిప్రాయం.

నేను రాసిన మొదటి ముస్లిం పంపకం 40 సెంట్ల ఇంటి స్థలానిది. చనిపోయినాయనకు భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. వెంట వచ్చిన పెద్దమనిషి కాగితం ముట్టుకోకుండానే భార్యకు ఎనిమిదో వంతు కింద 5 సెంట్లు, కొడుకులకు 14 చొప్పున, కూతురికి 7 అని చెప్పేశారు. ఆ లెక్క ఖురాన్ నాలుగో అధ్యాయంలోనిది. దాని వెనుక హదీసులు (ప్రవక్త మాటలనూ చేతలనూ నమోదు చేసిన సంకలనాలు) చెప్పే ఉదంతం ఒకటుంది. ఉహుద్ యుద్ధంలో మరణించిన సాద్ బిన్ రబీ ఆస్తినంతా ఆయన సోదరుడు తీసుకోగా, భార్య ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకుని వెళ్లి ప్రవక్తకు మొరపెట్టుకుంది. కూతుళ్లకు మూడింట రెండు వంతులు, ఆమెకు ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలినదే సోదరుడు తీసుకోవాలని తీర్పు వచ్చింది. అంటే 24 వంతుల్లో 19 ఆడవాళ్లవి. కొడుకు ఉంటే కూతురికి అతని వాటాలో సగమే వస్తుందన్నది నిజం. అయితే ఆ సగం తండ్రి దయాధర్మం కాదు, మూడో వంతుకు మించి వీలునామా రాసే అధికారం కూడా ఆయనకు లేదు.

మన స్మృతులు ఒక్క మాట మీద లేవు. భార్యకు సొంత ధనం లేదన్న మనుస్మృతే మరోచోట ఆరు రకాల స్త్రీధనాన్ని లెక్కపెడుతుంది. కొడుకులు లేనివాడి ఆస్తికి యాజ్ఞవల్క్య స్మృతి మొదట భార్యను, తరువాత కూతుళ్లను వారసులుగా నిలిపింది. దానికి మితాక్షర వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు, కల్యాణి చాళుక్యుల కాలంలోనే, వారసత్వంగా వచ్చినదీ స్త్రీధనమేనన్నాడు. బ్రిటిష్ కాలపు న్యాయస్థానాలు ఆ మాటను చాలావరకు పక్కనబెట్టి ఆమెకు జీవితకాలపు అనుభవ హక్కునే మిగిల్చాయి, అది సంపూర్ణ హక్కు కావడానికి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం రావలసి వచ్చింది. (మైత్రేయి పేరు చెప్పగానే అందరూ బ్రహ్మవిద్యను తలుస్తారు గానీ, బృహదారణ్యక ఉపనిషత్తులో ఆ భార్యాభర్తల సంభాషణ మొదలయ్యేదే ఇద్దరు భార్యలకు ఆస్తి పంచి వెళ్తానన్న యాజ్ఞవల్క్యుడి మాటతో.)

కొడుకులున్న ఇంట్లో మాత్రం కూతురికి దక్కింది పసుపుకుంకుమల కింద ఇచ్చిన పొలమే, అదీ ఇస్తేనే. ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్లకూ ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చిన 1985 నాటి సవరణకు ముందు రాసిన పాత భాగ పరిష్కార దస్తావేజులు ఇప్పటికీ ఆస్తి పూర్వపు హక్కును చూపే లింకు కాగితాలుగా నా దగ్గరకు వస్తుంటాయి. చాలావాటిలో ఆడపిల్లల పేర్లే ఉండవు. ఆ రోజు ముస్లిం అమ్మాయి పేరు ఎదురుగా 7 సెంట్లని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాశాను. మరుసటి నెలలో ఆమె ఆ 7 సెంట్లనూ అన్నల పేర హక్కు విడుదల చేస్తూ సంతకం పెట్టింది, ఆ కాగితం రాసిందీ నేనే.