విశాఖలో చెక్క నేలకు బదులు ఏది వేయించుకోవాలి? మా ఇంటి అనుభవం

పెందుర్తిలో కట్టుకుంటున్న సొంత ఇంటికి చెక్క నేల వేయించాలని ఉన్నా ఖర్చుకూ చెదలకూ జంకుతున్నామనీ, ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారూ నేల మీదే ఆడుకునే పిల్లలూ ఉన్నారు కనుక పాదానికి చల్లగా తగలకుండా ఏళ్ళ తరబడి నిలిచే మరో నేల ఏదైనా చెప్పమనీ మీరు అడిగారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. పడకగదులలో ఎస్‌పీసీ (రాతిపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసిన) పలకలు పరిపించండి, హాలులోనూ వంటింటిలోనూ మెరుపు లేని విట్రిఫైడ్ టైల్స్ వేయించండి, చెక్కలా కనిపించే లామినేట్ జోలికి మాత్రం వెళ్ళకండి. ఈ చివరి మాట నేర్చుకోవడానికి మేము చాలా డబ్బు పోగొట్టుకున్నాము.

ఎం.వి.పి. కాలనీలో మా ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది. బిల్డరు అన్ని గదులకూ ఒకే రకం టైల్స్ వేసి ఇచ్చాడు. మా అత్తయ్యగారు ధనుర్మాసంలో తెల్లవారుజామున నాలుగింటికే లేచి స్నానానికి వెళ్ళేవారు. మంచం దిగి ఆ టైల్స్ మీద మొదటి అడుగు వేసేసరికి మోకాళ్ళు పట్టేస్తున్నాయని ఆవిడ బాధపడుతుంటే చూడలేక, 2013లో ఆవిడ గదికి ‘వుడెన్ ఫ్లోరింగ్’ వేయించాము. ఆ పేరుతోనే అమ్మారు, ఆ పేరుతోనే బిల్లు ఇచ్చారు. చెక్కపొడిని జిగురుతో అదిమి చేసిన అట్టకు పైన కలప బొమ్మ అంటించిన కాగితపు పొర ఉంటుందనీ, దాని పేరు లామినేట్ అనీ నాకు తరువాత తెలిసింది. అసలు టేకు పలకనూ, లామినేట్‌నూ, ప్లాస్టిక్ వినైల్‌నూ ఒకే పేరుతో పిలిచి ధర మాత్రం నోటికి వచ్చినట్లు చెప్పే ఈ వ్యాపారపు పద్ధతి మీద నాకు ఇప్పటికీ కోపమే.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను విశాఖ మీదుగానే తీరం దాటింది. అత్తయ్యగారి గదికి బాల్కనీ వైపు ఉన్న అద్దాల తలుపు మధ్యాహ్నం కాకముందే పగిలిపోయింది. మంచం మీది పరుపు తీసి ఆ ఖాళీకి అడ్డం పెట్టి, నేనూ మా వారూ చెరో వైపు వీపులు ఆనించి నిలుచున్నా, వాన పరుపు కింద నుంచి గదిలోకి వస్తూనే ఉంది. గాలి శాంతించాక చూస్తే హాలులోనూ ఆ గదిలోనూ చీలమండలు మునిగేటంత నీళ్ళు. హాలులోని నీటిని చీపురుతో బాత్రూములోకి తోసి పాత చీరలతో తుడిస్తే గంటలో నేల ఎప్పటిలా అయింది. గదిలో పైనున్న నీరు పోయింది గానీ, పలకల సందుల్లోంచి కిందికి దిగినది అక్కడే ఉండిపోయింది. కరెంటు లేదు కనుక ఫ్యాను లేదు, మోటారు లేదు కనుక కుళాయిలో చుక్క నీళ్ళు లేవు. మూడో రోజుకు పలకల అంచులు నూనెలో వేసిన అప్పడాల్లా పైకి లేచాయి, వారానికి ముక్కిపోయిన వాసన మొదలైంది. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి, “గచ్చయితే తుడుచుకుని కూర్చునేవాళ్ళం కదమ్మా” అన్నారు. నేను మారు మాట్లాడలేదు. వారంటీ కాగితం తీసి చూస్తే నిలిచిన నీటి వల్ల కలిగే నష్టం వర్తించదని చిన్న అక్షరాలలో రాసి ఉంది.

అంత పెద్ద తుపాను ఏటా వస్తుందా అని మీరు అనవచ్చు. తుపాను దాకా ఎందుకు, వానాకాలంలో మన ఇళ్ళలో తలుపులు ఎన్ని బిగుసుకుపోతాయో గుర్తు చేసుకోండి. గాలిలోని చెమ్మను పీల్చి కలప ఉబ్బుతుంది, ఎండాకాలంలో మళ్ళీ తగ్గుతుంది. తలుపుకైతే చిత్రిక పట్టించుకుంటాము, నేలకు ఏమి పట్టిస్తాము? అందుకే సముద్రపు గాలి తగిలే ఈ ఊళ్ళో వెదురు పలకలు కూడా నాకు నమ్మకం కలిగించవు.

ఇక వెచ్చదనం మాట. ఒకే గదిలో ఉన్న చలువరాయీ చెక్కా ఒకే వేడిమిలో ఉంటాయి. అయితే వేడిని ప్రసరింపజేసే గుణం చెక్క కన్నా చలువరాతికి పది రెట్లకు పైగా ఎక్కువ కనుక, అది పాదంలోని వేడిని గబగబా లాగేసుకుంటుంది, మనకు అదే చలిగా తోస్తుంది. కనుక మీకు కావలసినది వేడిని నెమ్మదిగా లాగే పై పొర. అది కూడా మంచం పక్కన, పిల్లలు ఆడుకునే చోట ఉంటే చాలు. విశాఖలో ఏడాదిలో ముప్పాతిక భాగం ఉక్కపోతే. మే నెల మధ్యాహ్నం చాప కూడా లేకుండా హాలులో ఒట్టి టైల్స్ మీద పడుకునే సుఖాన్ని ఇల్లంతా కలప రంగు పరిపించి పోగొట్టుకోవడం నా దృష్టిలో తెలివైన పని కాదు.

హుద్‌హుద్ తరువాత లామినేట్ తీసేసి, ఆ గదిలో చాలాకాలం కింది పాత టైల్స్ మీదే చాపలూ బొంతలూ పరుచుకుని గడిపాము. 2019లో ఎస్‌పీసీ వేయించాము. సున్నపురాతి పొడిని పీవీసీతో కలిపి చేసిన ఈ పలకలకు చెదలు పట్టవు, నీటికి ఉబ్బవు. మేము తీసుకున్నవి ఆరు మిల్లీమీటర్ల మందం, పైన అరుగుదలను తట్టుకునే అర మిల్లీమీటరు పొర, అడుగున అంటించిన మెత్తటి ఫోమ్ ఉన్నవి. అసలు కలపంత వెచ్చగా ఉంటాయని చెప్పలేను గానీ, అత్తయ్యగారు మంచం దిగుతూ చెప్పుల కోసం వెతుక్కోవడం మానేశారు. తీసుకునేటప్పుడు పలక రంగు కన్నా ఆ అరుగుదల పొర మందం అడగండి. చాలా దుకాణాలలో అది అడిగేవరకూ చెప్పరు.

రెండు ఇబ్బందులు చూశాము. ఎండకు పలకలు కొద్దిగా సాగుతాయి కనుక గోడ చుట్టూ ఎనిమిది, పది మిల్లీమీటర్ల సందు వదిలి స్కర్టింగ్‌తో కప్పాలి. మా పనివాడు బాల్కనీ వైపు గోడకు ఆనించి బిగించడంతో మొదటి వేసవిలోనే అక్కడ రెండు పలకలు పొంగి, విప్పి మళ్ళీ కోయవలసి వచ్చింది. రెండోది, ధూపం వేసేటప్పుడు జారిపడిన ఒక్క నిప్పుకణిక చేసిన గోధుమరంగు మచ్చ. పూజగదికి రాయి గానీ టైల్స్ గానీ వేయించడమే మేలు.

మీది కింది అంతస్తు కనుక పలకల కన్నా ముందు చూడవలసినది వాటి కింద ఉండే సిమెంటు నేలను. ఎత్తుపల్లాలుంటే పలకలను ఒకదానితో ఒకటి బిగించే అంచు తాళాలు ఒక్కొక్కటే విరుగుతాయి. వంకర లేని రెండు మీటర్ల పట్టీ నేల మీద ఆనించి, దాని కింద మూడు మిల్లీమీటర్లకు మించి సందు కనిపించిన ప్రతిచోటా సుద్దముక్కతో గుర్తు పెట్టి మేస్త్రి చేత సరిచేయించండి. “ఫోమ్ సర్దుకుంటుంది లెండి” అని ఆయన అంటారు, ఒప్పుకోకండి. ఆ తరువాత మూరెడు పాలిథీన్ కాగితాన్ని నేల మీద పరిచి నాలుగు అంచులకూ టేపు అంటించి ఒక పగలూ ఒక రాత్రీ వదిలేయండి. తీసి చూసినప్పుడు దాని అడుగున నీటి చుక్కలు గానీ, సిమెంటు మీద నల్లటి చెమ్మ గానీ కనిపిస్తే నేల ఇంకా ఆరలేదనో, కింది నుంచి తేమ ఎక్కుతోందనో అర్థం. ఆ చెమ్మ సంగతి తేలేదాకా దుకాణంవారికి అడ్వాన్సు ఇవ్వకండి.