చిన్నాన్న కూతురు మీకు చెల్లెలే, చట్టానికి కాదు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పదకొండేళ్ళుగా నేను, మా ఆయన ఇంగ్లండులో ఉద్యోగాలు చేస్తున్నాం. ఇద్దరివీ భారత పాస్‌పోర్టులే. మాకు పిల్లలు లేరు. మా చెల్లెలికి (మా చిన్నాన్న కూతురు) జనవరి నెలాఖరులో మూడో ఆడపిల్ల పుట్టింది. ఫిబ్రవరి 20న పేరు పెట్టినప్పుడు తనే పాపను నా ఒళ్ళో పెట్టి, "ఇక నీ బిడ్డే అక్కా" అంది. ఆ రోజే స్టాంపు పేపరు మీద దత్తత పత్రం రాసి నోటరీ చేయించాం. మా ఆయన ఇంగ్లండు నుంచి వీడియో కాల్‌లో చూశారు. కువైట్‌లో ఉన్న మరిది (పాప తండ్రి) ఫోన్‌లో సరేనన్నాడు. ఇల్లు బాగు చేయించుకోమని చెల్లెలికి లక్షన్నర ఫోన్‌పే చేశాను. కంపెనీకి దత్తత అని చెప్పి ఆరు నెలల సెలవు పెట్టి, పుట్టింట్లో పాపతోనే ఉన్నాను. రాత్రంతా పాప నా చేయి వదలదు. సెలవు ఆగస్టులో అయిపోతుంది, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మేమే కన్నట్టు బర్త్ సర్టిఫికెట్ తెప్పించి పది రోజుల్లో పాస్‌పోర్టు ఇప్పిస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. అక్కడికి అప్లై చేసేటప్పుడు సొంత చెల్లెలు అని రాసేస్తే సరిపోతుందని ఇంకొకరు అన్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. పాప బోర్లా పడటం, మీ గొంతు వింటే ఏడుపు ఆపటం, మీ అమ్మగారు సాంబ్రాణి వేసి ఊయల ఊపటం, అన్నీ చదివాను. ఏ అధికారి ముందూ అవి సాక్ష్యం కావు. మీ వ్యవహారాన్ని తేల్చేది మూడో పేజీలో బ్రాకెట్లో రాసిన ఒక్క మాట, "మా చిన్నాన్న కూతురు".

మన ఇళ్ళలో చిన్నాన్న కూతురు చెల్లెలే, ఆమె బిడ్డకు మీరు పెద్దమ్మే. కానీ 2015 నాటి బాలల న్యాయ చట్టం 2(52) సెక్షన్ దత్తత విషయంలో బంధువు అంటే ఎవరో లెక్కపెట్టి చెప్పింది. బిడ్డ తండ్రి తోబుట్టువులు, తల్లి తోబుట్టువులు, రెండు వైపుల తాతలు, అవ్వలు. అంతే. మీరు బిడ్డ తల్లికి తోబుట్టువు కారు, ఆమె పెదనాన్న కూతురు. విదేశంలో ఉన్న బంధువు ఇక్కడి బిడ్డను దత్తత చేసుకోవడానికి 60వ సెక్షన్ చూపిన దారి మీకు మూసుకుపోయింది. "సొంత చెల్లెలు అని రాసేయండి" అన్న సలహా అందుకే వచ్చింది. అది రాస్తే మొదటి రేషన్ కార్డు దగ్గరే దొరికిపోతారు. ఆమె తండ్రి పేరు వేరు, మీ తండ్రి పేరు వేరు. అబద్ధపు అఫిడవిట్ ఒక్కటి ఫైల్లో చేరితే ఆ తర్వాత మీరు చెప్పే నిజాన్నీ ఎవరూ నమ్మరు.

మీకు మిగిలింది 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం. దానికి బంధుత్వం అక్కర్లేదు. బిడ్డ హిందువై, పదిహేనేళ్ళ లోపుండి, ఆడపిల్లను తీసుకుంటుంటే మీకు అప్పటికే కూతురు లేకపోతే చాలు. కానీ ఆ చట్టం అడిగే మిగతా వాటిలో మీరు చేసింది చూస్తే నాకు కోపం వస్తోంది. పదకొండేళ్ళు ఎదురుచూసినవారు ఒక్క పూట ఏ వకీలు దగ్గరైనా కూర్చుని ఉండాల్సింది.

భార్య దత్తత తీసుకోవాలంటే భర్త సమ్మతి కావాలి, తల్లి ఇవ్వాలంటే తండ్రి సమ్మతి కావాలి. వీడియో కాల్‌లో చూడటాన్నీ, ఫోన్‌లో సరేనన్నదాన్నీ రేపు ఎలా రుజువు చేస్తారు? మీ పత్రం మీద ఉన్నవి మీ సంతకం, మీ చెల్లెలి సంతకం మాత్రమే. రేపు మరిది తిరిగొచ్చి "నా బిడ్డను నాకు తెలియకుండా ఇచ్చారు" అంటే మీ దగ్గర చూపడానికి ఏమీ లేదు. నోటరీ అంటే సంతకం ఎవరిదో చూశానని చెప్పడం, అంతే. దత్తత సక్రమంగానే జరిగిందని కోర్టు ముందే అనుకోవాలంటే (16వ సెక్షన్ ఇచ్చే బలం అదే) ఇచ్చినవారు, తీసుకున్నవారు సంతకం చేసి సబ్ రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరైన పత్రం ఉండాలి.

ఇక గడువు. పత్రం రాసిన తేదీ నుంచి నాలుగు నెలల్లో రిజిస్ట్రేషన్‌కు ఇవ్వాలి. మీకు జూన్ 20తో అది ముగుస్తుంది. ఈ మాట చదివి రేపే రిజిస్ట్రారు ఆఫీసుకు పరుగెత్తకండి. ఇద్దరు మగవాళ్ళ సమ్మతి లేని పత్రాన్ని రిజిస్టర్ చేయిస్తే లోపం పోదు, అది రికార్డులో శాశ్వతంగా నిలిచిపోతుంది. ఈ పత్రాన్ని పక్కన పెట్టండి, కానీ చింపకండి. ఆ రోజు ఫోటోలు, వీడియో, పంతులు, కూర్చున్న పెద్దలు, అవన్నీ రేపు జరిగినది జరిగినట్టు చెప్పడానికి పనికొస్తాయి.

లక్షన్నర సంగతి. దత్తతకు ప్రతిఫలంగా డబ్బు ఇవ్వడం, పుచ్చుకోవడం 17వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల వరకు జైలు. మీరు ప్రేమతోనే ఇచ్చి ఉంటారు. కానీ పేరు పెట్టిన రెండో రోజే బ్యాంకు ఖాతాలో పడిన లక్షన్నరను అధికారి ఎలా చదువుతాడో ఆలోచించండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో, 2001లో తండాల తల్లుల దగ్గర పసికందులను కొని, కాగితాలు సృష్టించి విదేశాలకు దత్తత పంపిన వ్యవహారాలు బయటపడ్డాయి. అప్పటి నుంచి మన దగ్గర విదేశీ దత్తత ఫైలు మీద అనుమానం పోలేదు, పోనక్కర్లేదు కూడా. మూడో ఆడపిల్ల కాబట్టి వదిలించుకున్నారా అని మీ చెల్లెలిని ఒంటరిగా కూర్చోబెట్టి అడుగుతారు. అడగాలి కూడా. ఇకపై ఆమెకు ఒక్క రూపాయీ పంపకండి, పంపినదాన్ని దాచకండి. ఇల్లు బాగు చేయించిన బిల్లులు, మేస్త్రీకి ఇచ్చిన లెక్కలు సేకరించి మీ వకీలుకు ముందే చెప్పండి.

ఇప్పుడు ఆ ఏజెంటు. అతని మాట వింటే మీకు జైలు, పాపకు జీవితాంతం దొంగ పుట్టుక. మీ చెల్లెలి గర్భం తల్లీబిడ్డల కార్డులో, ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) రిజిస్టరులో నమోదై ఉంది. స్కానింగులు, ఆసుపత్రి కేస్ షీటు, టీకాల రికార్డు, అన్నిటా ఆమె పేరే. జనవరిలో మీరు ఇంగ్లండులో ఆఫీసుకు వెళ్ళిన హాజరు, పాస్‌పోర్టు మీద ఇమిగ్రేషన్ ముద్రలు ఉన్నాయి. కన్నది మీరేనని ఎవరిని నమ్మిస్తారు? అనుమానం వస్తే వీసా దగ్గర డీఎన్‌ఏ పరీక్ష మాట కూడా రావచ్చు. తప్పుడు సమాచారంతో పాస్‌పోర్టు తీసుకుంటే రెండేళ్ళ వరకు జైలు, దొంగ పత్రం సృష్టించినందుకు భారతీయ న్యాయ సంహిత కింద వేరే కేసు. బాలల న్యాయ చట్టం 56వ సెక్షన్ ప్రకారం సరైన ఉత్తర్వు లేకుండా బిడ్డను విదేశానికి దాటించినవారికి 80వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. విజిటర్ వీసా మీద తీసుకెళ్ళి అక్కడ చూసుకుందామన్న ఆలోచన ఉంటే అదీ మానుకోండి. ముందస్తు అనుమతి లేకుండా దత్తత బిడ్డను దేశంలోకి తేవడం అక్కడి 2002 నాటి దత్తత, పిల్లల చట్టం 83వ సెక్షన్ కింద కూడా నేరమే.

సరైన దారి ఇంగ్లండులో మొదలవుతుంది, ప్రొద్దుటూరులో కాదు. భారత్, బ్రిటన్ రెండూ దేశాల మధ్య దత్తతల గురించి కుదిరిన 1993 హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాలు. మీ ఇంటిని, మీ ఇద్దరినీ అక్కడి గుర్తింపు పొందిన దత్తత సంస్థ పరిశీలించి, అక్కడి ప్రభుత్వం అర్హత పత్రం, అనుమతి ఇవ్వాలి. ఆ అనుమతి చేతికొచ్చాక మీ ఆయన ఇక్కడికి రావాలి. మీరిద్దరూ, మీ చెల్లెలు, మరిది, పెద్దల ముందు మళ్ళీ ఇచ్చిపుచ్చుకోవడం జరిపి, ఆ రోజు తేదీతోనే పత్రం రాసి రిజిస్టర్ చేయించాలి. పాత తేదీ వేయకండి. మరిది రాలేకపోతే కువైట్‌లోని భారత రాయబార కార్యాలయంలో సమ్మతి పత్రం రాయించి పంపమనండి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. ఆ తర్వాత కడప కలెక్టరు పరిశీలన నివేదికతో ఢిల్లీలోని కేంద్ర దత్తత సంస్థ (కారా) నిరభ్యంతర పత్రం ఇస్తుంది. పాప పాస్‌పోర్టు, వీసా అన్నీ దాని వెనకే. రిజిస్టరైన పత్రం చూపి మీ పేర్లతో బర్త్ సర్టిఫికెట్ న్యాయంగానే తీసుకోవచ్చు. ఏజెంటు దొంగదారిలో ఇస్తానన్నది అదే కాగితం.

ఇదంతా ఆగస్టులోపు కాదు. సెలవు పొడిగించుకుంటే అవుతుందన్న ఆశా వద్దు. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకుని చేసుకున్న దత్తతకు అక్కడి చట్టబద్ధమైన దత్తత సెలవు వర్తించదు. మీ కంపెనీ దేన్ని నమ్మి సెలవు ఇచ్చిందో కాగితం తీసి చదవండి. అధికారిక దత్తత అనుకుని ఇచ్చి ఉంటే ఇవాళే నిజం రాసి మెయిల్ పెట్టండి. ఉద్యోగం పోతే ఇంటి పరిశీలనలో మీ ఆదాయమే ప్రశ్న అవుతుంది.

అంటే ఆగస్టులో మీరు పాపను ఇక్కడ ఉంచి వెళ్ళాలి. రాయడానికి నాకూ చేయి రాలేదమ్మా. చట్టం దృష్టిలో ఈ రోజుకు తల్లి మీ చెల్లెలే, పాప ఆమె దగ్గర ఉండటమే క్షేమం. మీ అమ్మగారు రోజూ వెళ్ళి చూసుకోవచ్చు, మీరు రోజూ ఫోన్‌లో పలకరించవచ్చు. రేపు మీ ఫైలులో అదీ మంచి సాక్ష్యమే. ఇంగ్లండు వదిలి ప్రొద్దుటూరులోనే స్థిరపడదామనుకుంటే కారా అనుమతి అక్కర్లేదు, సమ్మతులన్నీ ఉన్న రిజిస్టరైన దత్తత పత్రం చాలు. ఆ నిర్ణయం మీ ఇద్దరిది.

పాప ఒరిజినల్ బర్త్ సర్టిఫికెట్, మీ పాస్‌పోర్టు జిరాక్సులు ఆ ఏజెంటు దగ్గరే ఉన్నాయని చివర్లో రాశారు. ఈ సాయంత్రంలోగా ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్ళి అవి వెనక్కి తెచ్చుకోండి. ఇవ్వనంటే అక్కడి నుంచి నేరుగా స్టేషన్‌కు వెళ్ళి ఫిర్యాదు రాసిచ్చి రసీదు తీసుకోండి.