పర్యావరణ హిత దుకాణానికి పదిహేను లక్షలు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర ఒక పెద్ద గ్రామం. మావారు పధ్నాలుగేళ్లుగా హార్డ్‌వేర్, పెయింట్ల దుకాణం నడుపుతున్నారు; లెక్కలు నేను చూస్తాను. దుకాణం ఖర్చులు పోను నెలకు సుమారు 55 వేలు మిగులుతుంది, అందులో ఇంటి ఖర్చు 32 వేలు. బ్యాంకులో 9 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఇంట్లో పాతిక కాసుల బంగారం ఉన్నాయి. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, అబ్బాయి తొమ్మిదో తరగతి. పర్యావరణ హితమైన ఇంటి సామగ్రి అమ్మే ఒక సంస్థ పట్టణంలో మాకు ఫ్రాంచైజీ ఇస్తామంటోంది. డిపాజిట్ 4 లక్షలు, మొదటి సరుకు 8 లక్షలు, షాపు అలంకరణ 3 లక్షలు, మొత్తం 15 లక్షలు అవుతుంది. అమ్మకం ధరలో 35 శాతం మార్జిన్ ఇస్తారట. డిపాజిట్లు తీసేసి, మిగతా 6 లక్షలకు బంగారం కుదువ పెడదామని మావారు అంటున్నారు. ఇలాంటి సరుకు అమ్మాలని మా ఇద్దరికీ నిజంగానే ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఇద్దరి కోరిక మంచిదమ్మా, ఆ సరుకులో కొంత భాగానికి మీ ప్రాంతంలో గిరాకీ కూడా ఉంది. అయినా ఈ పదిహేను లక్షల ఏర్పాటుకు ఒప్పుకోవద్దన్నదే నా సలహా. ఇప్పుడున్న దుకాణంలోనే ఒక గోడ ఖాళీ చేసి, రెండున్నర లక్షలకు మించకుండా సరుకు తెచ్చి, ఏడాదిపాటు అమ్మి చూడండి. బంగారం జోలికి వెళ్లవద్దు. ఎందుకంటున్నానో మీ అంకెలతోనే చెబుతాను.

ఆ సంస్థ ఇచ్చిన కాగితంలో మార్జిన్ ఉంది గానీ, సరుకు ఏడాదికి ఎన్నిసార్లు తిరుగుతుందన్నది, అంటే మొత్తం అమ్ముడై ఆ డబ్బుతో మళ్లీ సరుకు కొనడం ఎన్నిసార్లన్నది లేదు. మీ దుకాణంలో లక్ష రూపాయల పైపులు, ఫిట్టింగుల మీద పది శాతమే కలిసినా, ఆ లక్ష ఏడాదికి ఎనిమిదిసార్లు తిరిగితే 80 వేలు వస్తుంది. లక్ష పెట్టి కొన్న ఖరీదైన సరుకును 35 శాతం మార్జిన్‌తో అమ్మితే సుమారు 54 వేలు మిగులుతుంది. అది ఏడాదికి ఒక్కసారే తిరిగితే ఆ 54 వేలతోనే సరిపెట్టుకోవాలి. లెక్కలు చూసేది మీరే కాబట్టి, మీ పుస్తకంలో ఏ సరుకు ఎన్నాళ్లకు అమ్ముడైందో ఒక్కసారి వెనక్కి తిరగేయండి, నా మాట అక్కడ రుజువవుతుంది.

ఇక కొత్త షాపు లెక్క. 8 లక్షల సరుకు ఏడాదికి ఒకసారే తిరిగితే అమ్మకాలు 12 లక్షల 30 వేలు, మార్జిన్ 4 లక్షల 30 వేలు. పట్టణంలో అద్దె నెలకు 15 వేలు, ఒక కుర్రాడి జీతం 12 వేలు, కరెంటు, రవాణా కలిపి 5 వేలు అనుకుంటే ఏడాదికి 3 లక్షల 84 వేలు ఖర్చు. మిగిలేది 46 వేలు. డిపాజిట్లు తీసేయడం వల్ల 7 శాతం చొప్పున పోయే వడ్డీ 63 వేలు, 6 లక్షల బంగారం రుణానికి 10 శాతం చొప్పున కట్టే వడ్డీ 60 వేలు. అంటే మీవారు పొద్దస్తమానం ఆ షాపులో కూర్చున్నా, ఏడాది చివర చేతి నుంచి 77 వేలు పడుతుంది. పాత దుకాణంలో ఆయన లేనందువల్ల తగ్గే బేరాన్ని నేనిందులో వేయలేదు. లాభనష్టాలు సమానం కావాలంటేనే నెలకు లక్షా 20 వేల పైచిలుకు, రోజుకు 4 వేలు, ఒక్క ఈ సరుకే అమ్మాలి. ఏడాదికి రెండుసార్లు తిరిగితే మంచి లాభమే, కాదనను. కానీ అది తిరుగుతుందో లేదో తెలుసుకోవడానికి పదిహేను లక్షలు అక్కరలేదు.

ఏ సరుకు తిరుగుతుందన్నది అసలు విషయం. గోదావరి జిల్లాల్లో ఇంటి పని సంక్రాంతి తరువాత ఊపందుకుని, దాళ్వా (రెండో పంట వరి) డబ్బు చేతికొచ్చే వేసవిలో బలపడి, ఆషాఢంలో చల్లబడుతుంది. మూఢం వస్తే మధ్యలోనూ ఆగుతుంది. కొనేవారికి పర్యావరణం మీద గౌరవం ఉన్నా, జేబులోంచి అదనంగా తీసే రూపాయి ఎప్పటికి తిరిగొస్తుందో చూపిస్తేనే తీస్తారు. చాలాసార్లు ఎలక్ట్రీషియనో, పెయింటరో, తాపీ మేస్త్రో చెప్పినదే కొంటారు. కాబట్టి ఆదా బిల్లులో కనబడే సరుకునే ముందు పెట్టండి.

అన్నిటికంటే ముందు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తక్కువ కరెంటుకే తిరిగేవి. పాత రకం ఫ్యాను 75 వాట్లు లాగితే, ఇది 30 వాట్ల చుట్టుపక్కల తిరుగుతుంది. రోజుకు 12 గంటలు, ఏడాదిలో 300 రోజులు వాడే ఇంట్లో ఒక్కో ఫ్యానుకు 162 యూనిట్లు తగ్గుతాయి. యూనిట్‌కు 6 రూపాయలు కట్టే ఇంటికి ఏడాదికి 972 రూపాయల ఆదా. ధరలో తేడా 1,300 అనుకుంటే ఏడాదిన్నర లోపే అది తీరిపోతుంది. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి 1 నుంచి కరెంటు పొదుపును నక్షత్రాలతో చూపే స్టార్ లేబుల్ తప్పనిసరి కాబట్టి, గిరాకీదారుకు ఆ లేబుల్ మీద అంకె చూపించి మాట్లాడవచ్చు. కౌంటర్ దగ్గర పాత ఫ్యానొకటి, కొత్త ఫ్యానొకటి పక్కపక్కన బిగించి, ఒక్కోదానికి వాట్లు చూపే చిన్న మీటరు తగిలించండి. ఫ్యాన్ల అమ్మకానికి అంతకు మించిన ప్రచారం నాకు తెలియదు. అయితే ఈ ఫ్యాన్ల లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది, వోల్టేజి హెచ్చుతగ్గులకు అది పాడైతే జనం కంపెనీకి ఫోన్ చేయరు, మీ కౌంటర్ మీదే తెచ్చి పెడతారు. భీమవరంలోనో, రాజమహేంద్రవరంలోనో సర్వీసు ఉన్న కంపెనీనే ఎంచుకోండి, మార్జిన్ రెండు శాతం తగ్గినా ఫరవాలేదు.

డాబాల మీద వేసే తెల్లని చలువ పెయింట్ ఫిబ్రవరి నుంచి మే వరకు బాగా వెళుతుంది. ఎండను వెనక్కి కొట్టి శ్లాబు వేడిని తగ్గిస్తుంది కాబట్టి పై అంతస్తులో పడుకునేవారికి తేడా వెంటనే తెలుస్తుంది. జూన్ నాటికి డబ్బాలు ఖాళీ అయ్యేలా తెప్పించుకోండి, ఎందుకంటే వాటికి గడువు తేదీ ఉంటుంది. వాసన తక్కువగా ఉండే గోడ రంగులకు మీరు కొత్త పెట్టుబడి పెట్టే పనే లేదు; మీరిప్పుడు అమ్ముతున్న కంపెనీకే ఆ రకం ఉంటే, అదే రంగు కలిపే మిషను మీద నడుస్తుంది. ఇక్కడ ఒక్క జాగ్రత్త: డబ్బా మీద సీసం లేదని రాసి ఉన్నంత మాత్రాన దానికి ఎక్కువ ధర కట్టవద్దు. 2017 నవంబరు 1 నుంచి ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) దాటకూడదని నిబంధనే ఉంది, అది అందరూ పాటించవలసినది.

కుళాయిల మూతికి బిగించే, ధారలో గాలి కలిపే జాలీలైన ఎయిరేటర్లు చవకైనవి, నీళ్లను బాగా ఆదా చేస్తాయి. నరసాపురం వైపు బోరు నీటిలో ఉప్పు ఎక్కువ కాబట్టి కొన్నాళ్లకు జాలీ రంధ్రాల్లో తెల్లగా పేరుకుని ధార సన్నబడుతుంది. విప్పి కడుక్కునే రకం తెచ్చి, అమ్మేటప్పుడే విప్పి చూపించండి. లేకపోతే చెడిపోయిందని తిరిగి తెస్తారు.

కొబ్బరి పీచు పట్టాలు, తాళ్లు మీ ప్రాంతపు సొంత సరుకు. గోదావరి దాటితే కోనసీమలో తయారీదారులు ఉన్నారు, కొబ్బరి పీచు పరిశ్రమను చూసే కేంద్ర సంస్థ కాయిర్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం రాజమహేంద్రవరంలోనే ఉంది. కాబట్టి హైదరాబాదు నుంచి పెట్టెల్లో తెప్పించుకోవడంలో అర్థం లేదు. చిన్న మొత్తాల్లో తెచ్చుకుని, అయిపోగానే మళ్లీ తెచ్చుకోవచ్చు. శ్రావణ భాద్రపదాల చెమ్మలో పట్టాలను గోడకు ఆనించి దొంతరగా పెడితే బూజు పడతాయి, జానెడు ఎడం ఉంచండి.

ఫ్రాంచైజీ వారి జాబితాలో వెదురు సామాను, నొక్కిన చెక్కపొట్టు బోర్డుల అరలు చాలా ఉండి ఉంటాయి. వీటి విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను, డెల్టాలో వాటిని నిల్వ చేయవద్దు. సరిగ్గా మందు పట్టించని వెదురు కింద నాలుగు నెలల్లో సన్నని పిండి రాలడం మొదలవుతుంది, అది పురుగు తొలిచిన పొడి. బోర్డులు తేమకు అంచుల దగ్గర ఉబ్బుతాయి. ఎవరైనా కావాలంటే అడ్వాన్సు తీసుకుని తెప్పించి ఇవ్వండి. ఫ్లైయాష్ (థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద) ఇటుకలు కూడా అంతే: తయారుచేసే చోటు నుంచి నేరుగా గిరాకీదారు స్థలానికి లారీ దింపించి, మీ కమీషన్ మీరు తీసుకోవడమే సరైన పద్ధతి.

సౌర ఫలకాల గురించి మీరు అడగకపోయినా, మీ దగ్గరికి వచ్చేవారు తప్పకుండా అడుగుతారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటి డాబాపై పెట్టుకునే మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30 వేలు, మూడో కిలోవాట్‌కు 18 వేలు, గరిష్ఠంగా 78 వేల రాయితీ కేంద్రం ఇస్తుంది. ఈ రాయితీ రావాలంటే పథకంలో నమోదైన విక్రేతే బిగించాలి. ఆ నమోదు, సాంకేతిక సిబ్బంది, అన్నీ మీరు తలకెత్తుకోవద్దు. నమోదైన ఒక మంచి విక్రేతతో మాట్లాడుకుని, గిరాకీ పంపినందుకు ఇంత అని రాయించుకుంటే, పైసా పెట్టుబడి లేకుండా వచ్చే ఆదాయం అది. సముద్రం వైపు ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుప స్టాండ్లు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి, మీ మాట మీద కొనేవారికి గాల్వనైజ్ చేసిన (జింకు పూత వేసిన) స్టాండ్లే వేయించేలా చూడండి.

బోర్డు మీద, కరపత్రాల మీద ఏం రాస్తారో కూడా జాగ్రత్త. పర్యావరణం పేరు చెప్పి చేసే తప్పుడు ప్రచారాన్ని అరికట్టడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరు 15న మార్గదర్శకాలు జారీ చేసింది. ఆధారం, వివరణ లేకుండా ఊరికే ‘పర్యావరణ హితం’, ‘సహజం’ అని ప్రకటించుకోవడం వాటి ప్రకారం కుదరదు, అవి అమ్మేవారికీ వర్తిస్తాయి. ‘ఈ ఫ్యాను 30 వాట్లే తీసుకుంటుంది’ అని రాస్తే నిజమూ అవుతుంది, సరుకూ అమ్ముడవుతుంది. ఊళ్లో పధ్నాలుగేళ్లుగా నిలబెట్టుకున్న మాట మీది. ఆధార పత్రాలు చూపని సరుకుకు దాన్ని అడ్డు పెట్టవద్దు.

ఇప్పుడు మీ 9 లక్షల సంగతి. అమ్మాయి వచ్చే ఏడాదే కాలేజీలో చేరుతుంది. నాలుగున్నర లక్షలు ఆమె ఫీజులకు, హాస్టలుకు వేరే తీసి, ఫీజు గడువులకు సరిపడేలా చిన్న చిన్న డిపాజిట్లుగా విడగొట్టండి. రెండు లక్షలు ఆరు నెలల ఇంటి ఖర్చుకు అలాగే ఉండాలి. మిగిలిన రెండున్నర లక్షలే కొత్త సరుకుకు. మీ ఉత్తరంలో ఆరోగ్య బీమా గురించి, మీవారి పేరిట టర్మ్ పాలసీ (పాలసీదారు చనిపోతే కుటుంబానికి డబ్బు ఇచ్చే బీమా) గురించి ఒక్క మాటా లేదు, నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది అదే. ఇల్లంతా ఒక్కరి సంపాదన మీద నడుస్తున్నప్పుడు కొత్త సరుకు కంటే ముందు ఆ రెండు పాలసీలు తీసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు. నెలనెలా మిగిలే 23 వేలలోంచే ప్రీమియం కట్టవచ్చు.

దుకాణానికి బీమా ఉందో లేదో కూడా చూసుకోండి. 1996 నవంబరు 6 నాటి తుఫాను మీ పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఐదు కోట్ల లోపు ఆస్తి ఉన్న చిన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఉంది. అగ్నిప్రమాదంతోపాటు తుఫాను, వరద నష్టాలూ అందులోకి వస్తాయి. సరుకు విలువను తక్కువ చేసి రాయించవద్దు. ఫ్యాన్లు, పట్టాలు నేలకు రెండడుగుల ఎత్తు నుంచే పేర్చండి.

వచ్చే ఆషాఢం నాటికి పుస్తకం చూడండి. రెండున్నర లక్షల సరుకు అప్పటికి కనీసం రెండుసార్లు తిరిగి ఉంటే, విస్తరించడానికి బ్యాంకులో చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్ర రుణం అడగవచ్చు. 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్ విభాగాల్లో హామీ ఆస్తి లేకుండానే ఇస్తారు. చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ నమోదు ముందే చేయించుకోండి, దానికి రుసుము లేదు. తిరగకపోతే, ఏవి కదిలాయో వాటిని ఉంచి మిగతావి కొన్న ధరకే వదిలించుకోండి. కొత్త వ్యాపారం మీ పేరు మీద పెడదామని ఎవరైనా సలహా ఇస్తే, మీవారు ఊరికే ఇచ్చిన డబ్బుతో మీరు చేసే వ్యాపారంలో ఆ డబ్బు మేరకు వచ్చే లాభం ఆయన ఆదాయంలోనే కలుస్తుందన్నది గుర్తుంచుకుని, ముందు ఆడిటర్‌ను అడగండి.

ఫ్రాంచైజీ వారికి మాత్రం ఈ వారమే జవాబు చెప్పండి. అమ్ముడవని సరుకును ఆరు నెలల్లో వెనక్కి తీసుకుంటారా, డిపాజిట్ ఎప్పుడు ఏ షరతులతో తిరిగి ఇస్తారు, ఏడాదికి ఇంత కొని తీరాలన్న నిబంధన ఉందా అన్న మూడు విషయాలు ఒప్పంద పత్రంలో రాతపూర్వకంగా అడగండి. డిపాజిట్ లేకుండా, మీరు ఎంచుకున్న నాలుగైదు రకాలే మీ దుకాణానికి సరఫరా చేస్తామంటే వారితో వ్యాపారం చేయవచ్చు.