లైన్ క్లియర్ కాగితం ముందుగా రాయకు

రాజమండ్రి, 1912

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేలో నీకు తంతి సిగ్నలరు పని దొరికిందనీ, వచ్చే నెలలో బెజవాడ వెళ్తున్నావనీ మీ అమ్మ రాసిన ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నన్ను చూసే కదా నువ్వు ఈ దారి పట్టావు.

చుక్కలు, గీతలతో కబురు పంపే మోర్సు నీకు వచ్చు కనుక దాని గురించి చెప్పను. బ్యాటరీ జాడీలలో నవాసారం నీళ్లు ఎండిపోకుండా చూసుకో. సాయంత్రం నాలుగు గంటలకు తంతి మీద వచ్చే టైముతో రోజూ గడియారం సరిచెయ్యి. అంకెల దగ్గర తొందరపడకు: రెండుకు రెండు చుక్కలు, మూడు గీతలు, మూడుకు మూడు చుక్కలు, రెండు గీతలు. నిద్రమత్తులో ఒకటి మరొకటిగా వినిపిస్తుంది కనుక బండి నంబరును అవతలి వాడి చేత మళ్లీ చెప్పించుకో.

ఇక అసలు సంగతి. మీ అమ్మకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

1900లో గోదావరి వంతెన తెరిచి, బండ్లు నేరుగా నది దాటి పోసాగిన తరువాత ఒక వర్షాకాలపు రాత్రి. మాది ఒంటి లైను. పాసింజరు వెళ్లి ముప్పావుగంట అయింది, దాని వెనుక పోవలసిన గూడ్సు ప్లాట్‌ఫారం మీద ఆవిరి వదులుతూ నిలబడి ఉంది. లైన్ క్లియర్, అంటే అక్కడిదాకా పట్టాలు ఖాళీ, బండి పంపవచ్చు అన్న మాట ఇమ్మని తరువాతి స్టేషనును తంతిలో అడిగాను, జవాబు రాలేదు. ఎలాగూ వస్తుంది కదా, అప్పుడు రాయడానికి ఆలస్యమెందుకు అని, డ్రైవరుకు ఇచ్చే లైన్ క్లియర్ కాగితం మీద బండి నంబరు, టైము వేసి, సంతకం కూడా చేసి బల్ల మీద పెట్టాను. అప్పటికి చాలా రోజులుగా అలాగే చేస్తున్నాను. దీపంలో కిరసనాయిలు పోయడానికి పక్క గదిలోకి వెళ్లి వచ్చేసరికి బల్ల మీద కాగితం లేదు. సంతకం చూసిన పాయింట్స్‌మన్, అదే పట్టాలు మార్చే మనిషి, దాన్ని తీసుకెళ్లి డ్రైవరుకు ఇచ్చేశాడు. తప్పు వాడిది కాదు. సంతకం ఉన్న కాగితాన్ని డ్రైవరుకు చేర్చడమే వాడి పని.

గూడ్సు కదిలింది. అదే నిమిషంలో తంతి చప్పుడు వినిపించే సౌండరు టకటకలాడింది: పాసింజరు ఇంకా రాలేదు. మధ్యలో ఎక్కడో ఆగిపోయింది, లోపల నిండా జనం. చేతిలో దీపం గాలికి ఆరిపోయింది. చీకట్లో పరుగెత్తి, ప్లాట్‌ఫారం చివర బ్రేక్ వ్యాన్ కమ్మీ పట్టుకుని వేలాడుతూ, "లైన్ క్లియర్ లేదు, ఆపు" అని గార్డు మొహం మీద అరిచాను. ఆయన వెంటనే బ్రేకు బిగించాడు. బరువైన బండి కనుక ఇంకా వేగం అందుకోలేదు. స్టేషను బయట ఉండే అవుటరు సిగ్నలు దాటి ఆగింది. అప్పటికి నా అరచేయి చీలి రక్తం కారుతోంది. ఆ మచ్చను నువ్వు చిన్నప్పుడు వేలితో రాస్తూ ఇదేమిటి మామయ్యా అని అడిగేవాడివి. తలుపు సందులో పడిందని చెప్పేవాణ్ని.

నా జీతం కోసి, నన్ను వేరే స్టేషనుకు మార్చారు. దానికి నాకు బాధ లేదు. ఆ పాసింజరులో ఉన్నవాళ్లకు ఈ సంగతి ఏనాటికీ తెలియదు. నాకు మాత్రం ఇప్పటికీ వాన పడితే ఆ చప్పుడే వినిపిస్తుంది.

అందుకే గట్టిగా చెబుతున్నాను: జవాబు పూర్తిగా విని, పుస్తకంలో రాసుకుని, ఆ తరువాతే కాగితం ముట్టుకో. డ్రైవరు కేకలు వేసినా, పైవాళ్లు ఆలస్యానికి సంజాయిషీ అడిగినా తల వంచి నిలబడు. నీకు పరుగు ఎక్కువ. తద్దినం రోజున కూడా అందరికంటే ముందే విస్తరి ముందు కూర్చునేవాడివి. ఆ పరుగు తంతి గదిలోకి తీసుకెళ్లావంటే నేనే బెజవాడ వచ్చి నిన్ను ఇంటికి లాక్కొస్తాను.

రాత్రి డ్యూటీకి వెళ్లే ముందు కడుపు నిండా తినకు, నిద్ర ముంచుకొస్తుంది. మజ్జిగన్నం చాలు. నా పాత గొంగళి మీ అమ్మతో పంపిస్తున్నాను, కొత్తది కొనకు. చేరిన సంగతి తంతిలో మాత్రం కొట్టకు. తంతి వచ్చిందంటే చావు కబురేనని మీ అమ్మ గడపలోనే కూలబడిపోతుంది. కాలణా కార్డు మీద రెండు ముక్కలు రాయి.

ఇట్లు,
నీ మేనమామ