మామిడి తోట సీసీ కెమెరాలో రాత్రి పడింది చిరుతా, అడవిపిల్లా? ఎలా తేల్చుకోవాలి?

మీరు చెప్పిన వివరాలివి: షెడ్డు మీద పది అడుగుల ఎత్తులో సీసీ కెమెరా ఉంది. రాత్రి రెండు గంటలప్పుడు నీళ్ల తొట్టి పక్కనుంచి ఒక జంతువు దాటింది. ఒంటి మీద మచ్చలు కనబడలేదు, తోక పొట్టిగా ఉంది. తెల్లారేసరికి రెండు కోళ్లు లేవు. ఊళ్లో అందరూ చిరుతే అంటున్నారు.

ఈ లెక్కన అది అడవిపిల్లి అయ్యే అవకాశమే ఎక్కువ. కానీ మీ తోటలోకి చీకటితోనే నీళ్లు కట్టడానికి మనుషులు వెళ్తారన్నారు. అందుకని అంచనాతో ఆగకండి, కొలిచి తేల్చుకోండి. ఒక్క పూట పని.

ముందు ఫుటేజీ కాపాడుకోండి. డీవీఆర్ (కెమెరా దృశ్యాలు రికార్డయ్యే పెట్టె) హార్డ్‌డిస్క్ నిండగానే పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కించేస్తుంది. ఈ రోజే పెన్‌డ్రైవ్‌లోకి అసలు ఫైలు దించండి. జంతువు కనబడడానికి ముందూ తర్వాతా రెండేసి నిమిషాలు కలిపి దించుకోండి. టీవీ తెరను ఫోన్‌తో తీసిన వీడియో ఎందుకూ పనికిరాదు. వాట్సాప్‌లో పంపాలంటే వీడియోలా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే నాణ్యత పోతుంది. ఏఐ యాప్‌లతో బొమ్మను స్పష్టం చేయించే పని మాత్రం అస్సలు పెట్టుకోవద్దు. అవి లేని మచ్చల్ని సృష్టిస్తాయి, ఆ తర్వాత ఎవరూ ఏమీ తేల్చలేరు.

ఇక అసలు పని, ఎత్తు కొలవడం. పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతాయి. ఇళ్ల దగ్గర పెట్టే కెమెరాల్లో చాలావాటికి 2.8 మిల్లీమీటర్ల వైడ్ లెన్స్ ఉంటుంది. దగ్గరగా వచ్చినదాన్ని అది బాగా పెద్దదిగా చూపిస్తుంది. పైగా ఎత్తు నుంచి కిందికి చూస్తుంది కాబట్టి కాళ్లు కురచగా, ఒళ్లు పొడుగ్గా కనిపిస్తాయి. ఆరు కిలోల పిల్లి కూడా చిరుతలా అనిపించేది ఇందుకే.

కెమెరాను కదిలించకండి. ఒక కట్టెకు ప్రతి 10 సెంటీమీటర్లకు ఒక గీత చొప్పున నల్ల టేపు చుట్టండి. జంతువు కాళ్లు నేలను తాకిన చోటును వీడియోలో ఆపి చూసుకుని, పగటిపూట సరిగ్గా అక్కడే కట్టెను నిటారుగా నిలబెట్టించండి. ఆ దృశ్యాన్ని అదే కెమెరాలో రికార్డు చేసి రాత్రి బొమ్మ పక్కన పెట్టండి. ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగినా లెక్క తప్పుతుంది, కాబట్టి తొట్టి మూల, రాయి లాంటి గుర్తులు చూసుకోండి. కొలవాల్సింది తల ఎత్తు కాదు, భుజం ఎత్తు. పెద్ద చిరుతకు అది 60 నుంచి 70 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అడవిపిల్లికి 40కి అటూ ఇటూ.

కొలత మధ్యలో పడితే తోకను చూడండి. చిరుత పిల్ల కూడా అడవిపిల్లి ఎత్తులో ఉండొచ్చు, తోక మాత్రం తేడా పట్టిస్తుంది. చిరుత తోక ఒంటి పొడవులో సగానికి మించి ఉంటుంది. నడుస్తున్నప్పుడు దాదాపు నేల దాకా వంగి, కొస మళ్లీ పైకి లేస్తుంది. అడవిపిల్లి తోక వెనక కాలి మడమ దాకా వచ్చి ఆగిపోతుంది, కొస దగ్గర నల్లటి పట్టీలుంటాయి. కాళ్లు పొడుగ్గా, చెవులు పెద్దవిగా మొనదేలి ఉంటాయి. చిరుత చెవులు చిన్నవి, గుండ్రనివి.

మచ్చలు లేవు కాబట్టి చిరుత కాదని మాత్రం అనుకోకండి. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో, అంటే కెమెరా వేసే కంటికి కనబడని వెలుగులో, రంగులుండవు. దగ్గరగా వచ్చిన జంతువు తెల్లగా వెలిగిపోయి మచ్చలు కరిగిపోతాయి. చీకట్లో షట్టర్ నెమ్మదిగా పడుతుంది కాబట్టి కదిలే ఒళ్లు అలుక్కుపోతుంది, ఒక్కోసారి తోక కూడా మాయమవుతుంది. వీడియోను వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిచి కీబోర్డు మీద ఇంగ్లీషు 'E' అక్షరం నొక్కుతూ పోతే ఒక్కొక్క ఫ్రేమే కదులుతుంది. జంతువు ఆగిన క్షణం, పక్కకు తిరిగిన క్షణం వెతకండి. స్పష్టత అక్కడే దొరుకుతుంది. లెన్స్ ముందు సాలెగూడు ఉంటే తుడిచేయండి, బొమ్మంతా మసకబారేది చాలాసార్లు దానివల్లే. కళ్లు మెరిశాయన్నది ఆధారమే కాదు. మేకకూ కుక్కకూ కూడా మెరుస్తాయి.

చిరుత అని జనం పొరబడేవి మరికొన్ని ఉన్నాయి. ముందు భుజాలు ఎత్తుగా, నడుము వెనక్కి వాలిపోయి, ఒంటి మీద నిలువు చారలుంటే అది దుమ్ములగొండి, అంటే హైనా. పొట్టి కాళ్లు, మూతి మొనదేలి, తోక పొడుగునా నల్లటి కట్లు, ఒంటి మీద వరసగా చుక్కలుంటే పునుగుపిల్లి. ముఖాన నల్లటి ముసుగు ఉండి, ఒంటికి సమానమైన తోకతో చెట్లెక్కేది మానుపిల్లి. కోరింగ మడ అడవుల వైపు, గోదావరి, కృష్ణా డెల్టాల్లో చేపల చెరువుల దగ్గరైతే బావురుపిల్లి సంగతి కూడా ఆలోచించాలి. అది ఇంటి పిల్లికి రెండింతలుంటుంది, ఒంటి మీద చుక్కలుంటాయి, తోక పొట్టిగా లావుగా ఉంటుంది. చిరుత పిల్ల అని తేలిగ్గా పొరబడతారు.

తర్వాత నేల చూడండి. తొట్టి చుట్టూ తడి మట్టి ఉంటుంది కాబట్టి మీకు ఇది సులువు. జాడ పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి, ఫోన్‌ను సరిగ్గా పైనుంచి పట్టుకుని ఫొటో తీయండి. బిళ్ల అడ్డకొలత 27 మిల్లీమీటర్లు. చిరుత జాడ వెడల్పు దాదాపు మూడు బిళ్లలుంటుంది, అడవిపిల్లిది రెండు బిళ్లలకు మించదు. గోళ్ల గుర్తులు ఉంటే సాధారణంగా అది కుక్క జాతో, హైనానో. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. మెత్తటి బురదలో వేళ్లు విచ్చుకుని జాడ పెద్దదవుతుంది, వాన పడితే అంచులు కరిగి ఇంకా పెద్దదవుతుంది. అందుకే ఒక్కదాన్ని నమ్మకుండా నాలుగైదు కొలవండి.

అచ్చు తీయాలంటే రెండు పాళ్ల ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కు ఒక పాలు నీళ్లు కలపండి, దోసెల పిండిలా జారాలి. జాడ చుట్టూ అట్టముక్కతో కట్ట కట్టి పక్కనుంచి పోయండి. నేరుగా జాడ మీద పోస్తే వేళ్ల గుర్తులు చెదిరిపోతాయి. అరగంట ఆగి తీయండి. జాడలే దొరక్కపోతే, అది వచ్చిన దారిలో రెండడుగుల వెడల్పున మెత్తటి మట్టిని జల్లెడ పట్టి పరిచి, సాయంత్రం చదును చేసి, పొద్దున చూడండి.

రెండు వైపులా జరిగాయని గుర్తుంచుకోండి. 2024లో శంషాబాద్ విమానాశ్రయంలో తిరిగింది నిజంగానే చిరుత, బోనులో పడింది. అదే ఏడాది మియాపూర్ మెట్రో స్టేషన్ దగ్గర చిరుత అని తిరిగిన వీడియోలోది అడవిపిల్లి అని అటవీ శాఖ తేల్చింది.

ఎత్తు, తోక, జాడ మూడింట్లో ఏ ఒక్కటి చిరుత వైపు మొగ్గినా అదే రోజు అసలు క్లిప్పు, కొలతలు, తోట లొకేషన్ తీసుకుని అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు వెళ్లండి. అప్పటిదాకా చీకట్లో ఒంటరిగా ఎవర్నీ పంపకండి, మేకల్ని ఆరుబయట కట్టకండి. ఊళ్లో కుక్కలు మాయమవుతున్నాయేమో కూడా అడిగి తెలుసుకోండి. మేకో దూడో చనిపోతే అధికారులు వచ్చి చూసేదాకా కళేబరాన్ని కదపకండి, పరిహారానికి అదే ఆధారం. ఉచ్చులు, కరెంటు తీగలు పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వాటికి మొదట బలయ్యేది చాలాసార్లు పక్క పొలం రైతే.

అడవిపిల్లి అని తేలితే దాన్ని పట్టాల్సిన అవసరం లేదు. దాని తిండిలో ఎక్కువ భాగం ఎలుకలే, మీ తోటకు అది మేలు. కోళ్ల గూటికి పల్చటి కోళ్ల జాలీ తీసేసి అంగుళం లోపు కంతలున్న వెల్డెడ్ మెష్ బిగించండి, దాన్ని అడుగు లోతున నేలలో పాతండి, చీకటి పడకముందే తలుపు గడియ వేయండి.