హోటల్లో క్యూఆర్ స్కాన్ చేస్తే ఖాతాలో డబ్బు పోతుందా?

ప్రశ్న: మొన్న పిల్లలతో హోటల్‌కి వెళ్తే మెనూ కార్డు ఇవ్వలేదు. టేబుల్ మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నారు. చేస్తే ఫోన్ నంబరు, ఓటీపీ అడిగింది. బిల్లు కూడా స్కాన్ చేసే కట్టాం. ఇంటికొచ్చినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఏమైనా ప్రమాదమా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: స్కాన్ చేసినంత మాత్రాన డబ్బు పోదండీ. ఆ గళ్లలో ఉండేది ఒక వెబ్ చిరునామా, లేదంటే యూపీఐ ఐడీ. 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ వాళ్లు కార్ల విడిభాగాల లెక్క కోసం తయారుచేసిన కోడ్ ఇది. గళ్లు చూసి అసలుదో నకిలీదో ఎవరూ చెప్పలేరు. స్కాన్ అయ్యాక ఫోన్‌లో ఏం కనిపిస్తోందో అదే చూడాలి.

మెనూ కోడ్ అయితే, పేజీ తెరుచుకునే ముందే కెమెరాలో చిరునామా కనిపిస్తుంది. ఒక్క క్షణం ఆగి చదవండి. ఏదైనా యాప్ ఫైల్ దించుకోమన్నా, కార్డు నంబరు, యూపీఐ పిన్ అడిగినా వెంటనే మూసేయండి. దోసె ధర చూడ్డానికి అవేవీ అక్కర్లేదు. ఆ మాటకొస్తే ఫోన్ నంబరూ అక్కర్లేదు. నంబరు కోసం పట్టుబట్టొద్దని 2023లోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వ్యాపారులకు చెప్పింది. అచ్చు మెనూ ఇమ్మని మొహమాటం లేకుండా అడగండి. కళ్లజోడు సర్దుకుంటూ, చిన్న తెరను వేళ్లతో సాగదీసుకుంటూ ఇడ్లీ ధర వెతుక్కునే పెద్దవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్ల కోసమైనా ప్రతి హోటల్లో నాలుగు కార్డులు ఉంచాలి.

అసలు జాగ్రత్త బిల్లు దగ్గర. హోటల్ స్టిక్కర్ మీద మోసగాళ్లు తమ స్టిక్కర్ అంటించేస్తారు. 2025 జనవరిలో ఖజురహోలో కొన్ని దుకాణాల దగ్గర రాత్రికి రాత్రి ఇలాగే చేశారు. స్టిక్కర్ అంచు లేచినట్టుంటే, కింద ఇంకోటి కనిపిస్తుంటే దానికి కట్టకండి. స్కాన్ చేయగానే ఖాతాదారు పేరు వస్తుంది. అక్కడ హోటల్ పేరుకు బదులు యజమాని సొంత పేరు ఉండొచ్చు. 'ఈ పేరు మీదేనా?' అని కౌంటర్‌లో అడిగాకే పిన్ కొట్టండి. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. రీఫండ్ ఇస్తామంటూ స్కాన్ చేసి పిన్ కొట్టమంటే అది మోసమే.

ఇక మీ సంగతి. ఆ ఓటీపీ మెసేజ్ మళ్లీ తెరిచి, దేనికోసం వచ్చిందో చదవండి. మెనూ లాగిన్‌కే అయితే మహా అయితే ఆఫర్ల మెసేజ్‌లు వస్తాయి, ఆ నంబరును బ్లాక్ చేయండి. బ్యాంకు పేరుంటే మాత్రం బ్యాంకుకు చెప్పండి, ఖాతా చూసుకోండి. తెలియని కోత కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.